ఎర్ర బంతి, గులకరాళ్లు, గుడ్డులో పడిన వెలుగు: కోడిపిల్లల ప్రాజెక్టు డైరీ

ఏర్పాట్లు

కోడిపిల్ల గుడ్డులోంచి బయటపడిన కొన్ని గంటలకే నడుస్తుంది, కనిపించినదాన్ని ముక్కుతో పొడుస్తుంది, ఎవరి వెంట పడాలో తేల్చుకుంటుంది. ఎలుక పిల్లకు ఈ సౌకర్యం లేదు. అది కళ్లు కూడా తెరవకుండా పుట్టి, మెదడులో చాలా భాగాన్ని పుట్టిన తర్వాతే కట్టుకుంటుంది. మెదడు ఎదుగుదల నేర్చుకునే తీరును ఎలా మలుస్తుందో ఇంట్లో, ఏ కోతా సూదీ లేకుండా చూడాలంటే కోడిపిల్లను మించిన విద్యార్థి దొరకదు. పొదగడానికి పెట్టిన నాటి నుంచి పిల్ల బయటికి వచ్చే దాకా 21 రోజులు. పిండం వయసు గంటలతో సహా తెలుస్తుంది. తల్లి పెంపకం ప్రభావమా అన్న అనుమానానికి తావు లేదు, ఆ స్థానంలో ఉన్నది యంత్రం కాబట్టి.

మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. పొడవడంలో గురి కుదిరేది సాధనతోనా, మెదడు ముదరడంతోనా? వెంట తిరగాల్సిన వస్తువును ఎంచుకునే కాలం ఎప్పుడు మొదలవుతుంది, దాన్ని ఎవరు ముగిస్తారు? పెంకులోంచి పిండం మీద పడే వెలుగుకు, ఆ పిల్ల తర్వాతెప్పుడో గింజను రాయి నుంచి వేరు చేయడానికి సంబంధం ఏమిటి? మూడూ పాత ప్రశ్నలే. ప్రయోగశాలలు వీటిని చాలావరకు తేల్చాయి కూడా. అవి తేల్చింది నా కళ్ల ముందు జరగడం చూడాలన్నదే నా కోరిక.

రెండు ఇంక్యుబేటర్లు, ఒకే రకానివి, లోపల ఫ్యాను ఉన్నవి. ఒకదానికి పారదర్శకమైన మూత. రెండో దానికి నల్లగుడ్డ రెండు పొరలుగా కప్పి, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా వాటి మీద అట్టతో గొడుగు కట్టాను. వేడి 37.5 డిగ్రీలు. తేమ మొదట 50 శాతం దగ్గర, చివరి మూడు రోజులు 65 పైన. చీకటి యంత్రంలో నీళ్లు పోయడానికి మూత తీస్తే వెలుగు పడుతుంది. అందుకే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలి తొట్టిలోకి దించి, బయటి నుంచి సిరంజితో నీళ్లు నింపే ఏర్పాటు చేశాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పనితనం అదే.

గుడ్లన్నీ ఒకే మందలోవి. ఏది ఏ యంత్రంలోకి వెళ్లాలో చీటీలు వేసి తేల్చాను. ఛాదస్తంలా కనిపించవచ్చు. కానీ పెద్ద గుడ్లన్నీ తెలియకుండా ఒక వైపు చేరితే, రేపు కనిపించే తేడా వెలుగుదా గుడ్డు బరువుదా అన్న పేచీ తెగదు. చేయకూడని పనులు కూడా ముందే కాగితం మీద రాసి గోడకు అంటించాను: పిల్లలను ఆకలితో మాడ్చడం లేదు, రోజుల తరబడి ఒంటరిగా ఉంచడం లేదు, కళ్లకు పట్టకాలు (దృశ్యాన్ని పక్కకు జరిపే గాజు ముక్కలు) తగిలించడం లేదు. పట్టకాల సంగతి తర్వాత వస్తుంది.

తొలి వారం

వారం చివర చీకటి గదిలో గుడ్లను ఒక్కొక్కటిగా టార్చి మీద పెట్టి చూశాను. రక్తనాళాలు అల్లుకున్నాయి, నల్లటి చుక్కగా కన్ను తెలుస్తోంది. ఒక గుడ్డులో ఆ చుక్క ఉండుండి ఒక్కసారిగా పక్కకు జరిగింది. వెలుగుకు బెదిరి కదిలిందని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి కోడి పిండం నాలుగో రోజుకే కదలడం మొదలుపెడుతుంది. చర్మం నుంచి, కండరాల నుంచి కబురు మోసే నాడుల ఏర్పాటు అప్పటికి పూర్తికాదు. అంటే ఎవరూ పిలవకుండానే, ఏదీ తగలకుండానే వెన్నుపాములోని నాడీకణాలు తమంతట తామే కండరాలను కదిలిస్తున్నాయన్నమాట. దీన్ని గుడ్డు పెంకుకు కిటికీ చేసి ఏళ్ల తరబడి గమనించినవారు విక్టర్ హాంబర్గర్. ముందు కదలిక, తర్వాత స్పర్శ. నేర్చుకోవడం గురించి మాట్లాడేవాళ్లు ఈ వరుసను గుర్తుంచుకోవాలి. బయటి నుంచి పాఠం అందేసరికే లోపల యంత్రాంగం నడుస్తూ ఉంటుంది.

ఎదగని గుడ్లను తీసేశాను. ఆ తర్వాత తిప్పడం, నీళ్లు పోయడం తప్ప రాయదగ్గ పనేమీ లేదు.

18వ రోజు

తిప్పడం ఆపేశాను. ఇక పిండమే తల సర్దుకుంటుంది, ఆ సర్దుబాటులోనే అసలు విశేషం ఉంది. చివరి రోజుల్లో తల కుడి రెక్క కిందికి చేరుతుంది. ఎడమ కన్ను ఒంటికి ఆనుకుని మరుగున పడుతుంది, కుడి కన్ను పెంకు వైపు ఉంటుంది. పెంకు గుండా వచ్చే వెలుగు అందేది ఒక్క కుడి కంటికే. పక్షుల్లో కంటి నరాల తంతువులు దాదాపు అన్నీ అవతలి వైపుకు దాటిపోతాయి కాబట్టి ఆ వెలుగు తట్టి లేపేది ఎడమ వైపు మెదడును.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ 1982లో ప్రచురించిన ఫలితం నా మూడో ప్రశ్నకు మూలం. ఈ చివరి రోజుల్లో కొద్ది గంటల వెలుగు తగిలిన పిల్లలు గింజలను గులకరాళ్ల నుంచి వేరు చేయడంలో కుడి కంటితో చురుకుగా ఉంటాయి, ఎడమ కంటితో తడబడతాయి. పూర్తి చీకటిలో పొదిగిన పిల్లల్లో ఈ కుడి ఎడమల తేడా ఉండదు. ఆమె అంతటితో వదల్లేదు. పిండం తలను జాగ్రత్తగా పెంకు బయటికి తీసి, కుడి కన్ను కప్పి ఎడమ కంటికి వెలుగు చూపితే తేడా తలకిందులైంది. మెదడు లోపల వెతికితే కారణం కూడా కనిపించింది. వెలుగు చూసిన కంటి కబురు అందుకునే థాలమస్ (మెదడు లోపలి కబుర్ల కూడలి) వైపు నుంచి అవతలి ముందు మెదడుకు దాటే నాడీ తంతువులు ఎక్కువగా పెరిగి ఉన్నాయి. ఒక కంటికి కాస్త ముందు వెలుగు తగిలినందుకు తీగల అమరికే మారిపోయింది.

అడవిలో అయితే తల్లికోడి గూడు వదిలి మేతకు వెళ్లిన కాసేపు గుడ్ల మీద పడే వెలుగు ఈ పని చేసిపెడుతుంది. నా దగ్గర ఆ పని ఎల్‌ఈడీ దీపానిది. మామూలు బల్బు వేడెక్కుతుంది, అర డిగ్రీ తేడా వచ్చినా నా లెక్కంతా వృథా. రెండు యంత్రాల్లోనూ థర్మామీటర్లను గుడ్ల మట్టానికే ఉంచాను, ఎందుకంటే మూత దగ్గర గాలి వేడి వేరు, గుడ్డు వేడి వేరు.

గుడ్ల మధ్య వలతో చిన్న చిన్న గదులు కూడా ఇవాళే కట్టాను. ఏ గుడ్డులోంచి ఏ పిల్ల వచ్చిందో చీకటిలోనూ తెలియాలి.

20వ రోజు

పిల్లలు ముక్కుతో లోపలి పొరను చీల్చి, గుడ్డు మొద్దు కొసన ఉండే గాలి గదిలోకి వచ్చాయి. ఊపిరి మొదలైంది, దాంతో గొంతు కూడా. యంత్రానికి చెవి ఆనిస్తే పెంకు లోపలి నుంచి సన్నటి కీచుమనే అరుపులు. ఒకటి అరిస్తే పక్క గుడ్డు బదులిస్తుంది.

ఈ అరుపులు వట్టి హడావిడి కాదని బాతుల మీద గిల్బర్ట్ గాట్లీబ్ చేసిన పని చెబుతుంది. బాతు పిల్లలు పుట్టగానే తమ జాతి తల్లి పిలుపునే ఎంచుకుంటాయి. అది పుట్టుకతో వచ్చిందని అందరూ అనుకునేవారు. గాట్లీబ్ పిండాలను వేరువేరుగా ఉంచి, వాటి గొంతు తాత్కాలికంగా పలకకుండా చేశాడు. అవి తమ గొంతూ వినలేదు, తోబుట్టువుల గొంతూ వినలేదు. అలాంటి పిల్లలకు తల్లిబాతు పిలుపుకు, కోడి పిలుపుకు తేడా పట్టుకోవడంలో పొరపాట్లు వచ్చాయి. గుడ్డులో తన గొంతు తాను వినడం చెవికి శిక్షణ. పుట్టుకతో వచ్చింది, నేర్చుకుంది అని రెండు డబ్బాలు పెట్టుకుని ప్రతి ప్రవర్తననూ ఏదో ఒక డబ్బాలో వేసే అలవాటు నాకు ఎప్పుడూ రుచించలేదు. ఈ ఫలితం చదివాక ఆ డబ్బాలు రెండూ అవతల పారేయాలనిపించింది.

బయటికి వచ్చిన తొలి రోజు

వెలుగు గుంపులో పిల్ల పూర్తిగా బయటపడగానే దీపం ఆర్పేశాను. పక్కవాటిని చూస్తే వాటినే తల్లి కింద లెక్కేసుకుంటాయి, నా ఎర్ర బంతికి చోటు మిగలదు. రెండు గుంపుల పిల్లలూ చీకటిలోనే, వెచ్చగానే, ఒకదాని గొంతు ఒకటి వింటూ ఆరాయి. దాణా తొందర లేదు. పొట్టలోకి లాక్కున్న పచ్చసొన రెండు మూడు రోజులు ఆదుకుంటుంది.

మొదట పొడిచే గురి. దీనికి 1956లో ఎకార్డ్ హెస్ వాడిన ఉపాయం ఎంత సులువైనదంటే ఇంతకాలం ఇంట్లో ఎందుకు చేయలేదా అనిపించింది. మెత్తటి బంకమట్టిని పలకలా పరచి మధ్యలో ఇత్తడి మేకును తల వరకు దిగగొట్టాలి. మెరిసేదాన్ని చూస్తే పిల్ల పొడవక మానదు. మేకు ఊడిరాదు కాబట్టి పొడుస్తూనే ఉంటుంది. ప్రతి పోటూ మట్టిలో గుర్తుగా మిగులుతుంది.

పిల్లను పలక ముందు దించాను. కాళ్లు వెడల్పుగా పెట్టి కాసేపు ఊగింది. తల పక్కకు తిప్పి ఒక కంటితో మేకును చూసింది, మళ్లీ తిప్పి రెండో కంటితో చూసింది. మెడ వెనక్కి లాగి ఒక్క పోటు. గుర్తు మేకుకు వేలెడు దూరంలో పడింది. తర్వాతి పోటుకు తన బరువుకు తానే ముందుకు తూలి గడ్డం మట్టికి ఆనించింది. తీసి చూస్తే మేకు చుట్టూ అన్ని దిక్కులా చెదిరిన చిన్న నొక్కులు. ఒక్కో నొక్కు ఒక కొసన లోతుగా, రెండో కొసన గీతలా ఉంది. పోటు వేస్తూనే ముక్కు మూస్తోందని దాన్ని బట్టి తెలుస్తుంది. పలకను ఫోటో తీసి, మట్టి నునుపు చేసి తర్వాతి పిల్లకు పెట్టాను.

పిల్లల్లో సగాన్ని మెత్తటి పొడి దాణా మీద ఉంచాలని నిర్ణయించాను. పొడిలో ఎక్కడ పొడిచినా నోటికి అందుతుంది, గురి తప్పితే నష్టం లేదు. మిగతా సగానికి విడివిడి గింజలు. సాధనే గురిని కుదిర్చేటట్లయితే నాలుగో రోజున పొడి తిన్న గుంపు వెనకబడాలి.

తొలి రోజు సాయంత్రం నుంచి రెండో రోజు: ఎర్ర బంతి

ఇదే నేను ఎదురుచూసిన ఘట్టం. పొడవాటి అట్ట నడవా. ఒక చివర నెమ్మదిగా తిరిగే మోటారుకు వేలాడే ఎర్ర బంతి, లోపల చిన్న దీపం. పిల్లను చీకటిలోంచి చేతిలో దాచి తెచ్చి బంతి ముందు దించి, నేను తెర వెనక్కి తప్పుకున్నాను. పిల్ల నన్ను చూడకూడదు. నా వెంట పడే కోడిపిల్ల ముచ్చటగానే ఉంటుంది గానీ ప్రయోగానికి పనికిరాదు.

దాదాపు ప్రతి పిల్లా అదే వరుస పాటించింది. మొదట బిగ్గరగా, పైనుంచి కిందికి జారే అరుపు, దిక్కులేనప్పటి అరుపు. బంతి కదలిక కంటపడగానే అరుపు తెగింది. మెడ సాగింది. అరుపు స్థానంలో మెల్లగా, పైకి లేచే కిచకిచలు. రెండడుగులు, ఒక పల్టీ, మళ్లీ రెండడుగులు. బంతి దగ్గరికి చేరి ఛాతీతో దాన్ని తోసి, కింద దూరి కూర్చోవాలని చూసింది. బంతి ఆగితే మళ్లీ పాత అరుపు. మర్నాడు నడవా మధ్యలో వదిలితే, ఒక చివర ఎర్ర బంతి, మరో చివర నీలం గొట్టం ఉన్నా ఎర్రదాని వైపే పరుగు. చివరలు మార్చినా అంతే. నీలం గొట్టంతో మొదలైన పిల్లలు నీలం వైపు వెళ్లాయి, కాకపోతే అంత ఉరుకు లేదు.

దీనికి ఇంప్రింటింగ్ అన్న పేరు స్థిరపడడానికి కొన్రాడ్ లోరెంజ్ 1935 నాటి వ్యాసం కారణం. కానీ 1873లోనే డగ్లస్ స్పాల్డింగ్ ఈ ప్రవర్తనను శుభ్రంగా వర్ణించాడు. మెదడులో ఇది ఎక్కడ జరుగుతోందో వెతికినవారు కేంబ్రిడ్జ్‌కు చెందిన గాబ్రియేల్ హార్న్, పాట్రిక్ బేట్సన్, వారి సహచరులు. ముందు మెదడులో ఇప్పుడు ఐఎంఎం (ఇంటర్మీడియట్ మీడియల్ మీసోపాలియం) అని పిలిచే చిన్న ప్రాంతం అది. శిక్షణకు ముందు దాన్ని తొలగిస్తే పిల్ల వస్తువును గుర్తుపెట్టుకోలేదు. శిక్షణ తర్వాత తొలగిస్తే గుర్తున్నది పోతుంది. మిగతా మెదడు బాగానే ఉంటుంది, గింజకు వేడికి ముడిపడ్డ ఇతర పాఠాలు నేర్చుకోగలదు కూడా. శిక్షణ పొందిన పిల్లల్లో ఆ ప్రాంతపు ఎడమ భాగంలో నాడీ సంధులు (నాడీకణాలు ఒకదానికొకటి కబురు అందించే చోట్లు) పెద్దవి కావడాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. రెండు గంటల బంతి సహవాసం మెదడులో కొలవగలిగిన గుర్తును వదిలి వెళ్తుంది.

మరి ఈ తలుపు ఎవరు తెరుస్తారు? జపాన్ బృందం 2012లో ప్రచురించిన పని ప్రకారం థైరాయిడ్ హార్మోన్. బయటికి వచ్చే వేళకు ఆ హార్మోన్ పెరుగుతుంది. శిక్షణ మొదలుకాగానే మెదడు రక్తనాళాల గోడల్లోని ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మార్చి లోపలికి పంపుతుంది. ఎన్నో పనులకు వాడే ఒక మామూలు హార్మోన్, ఈ కొద్ది గంటల్లో నేర్చుకోవడానికి అనుమతి పత్రంగా పనిచేస్తోంది.

ఇంకో సంగతి. ఏమీ చూపించకుండా చీకటిలోనే ఉంచి, చేతిలో పట్టుకుని కాస్త అటూ ఇటూ నడిపించిన పిల్లలకు బంతి, బొమ్మ కోడి రెండూ ఒకేసారి చూపించాను. ఎక్కువ పిల్లలు బొమ్మ కోడిని ఎంచుకున్నాయి. హార్న్, మార్క్ జాన్సన్ చెప్పినది ఇదే: తల, మెడ ఉన్న ఆకారం వైపు పిల్లకు ముందే మొగ్గు ఉంది. ఆ మొగ్గు ఐఎంఎం మీద ఆధారపడదు, అది లేకపోయినా ఉంటుంది. మొగ్గు పిల్లను సరైన దిక్కుకు తిప్పుతుంది, ఐఎంఎం ఆ దిక్కున ఉన్నది ఎవరో గుర్తుపెట్టుకుంటుంది. ఈ రెండు అంచెల ఏర్పాటు తెలిశాక, ఎర్ర బంతిని తల్లి అనుకుంటోంది కాబట్టి కోడిపిల్లకు తెలివిలేదనేవాళ్ల మీద నాకు కోపమే వస్తుంది. దాని తెలివిని బోల్తా కొట్టించడానికి ఇంత ఏర్పాటు చేయాల్సివచ్చింది మనకు.

నాలుగో రోజు

బంకమట్టి పలకలు మళ్లీ బయటికి. ఇప్పుడు పోట్లు మేకు తల చుట్టూ ముద్దగా చేరాయి, చాలా గుర్తులు మేకు అంచును తాకుతున్నాయి. గింజలు తిన్న గుంపుకు, పొడి తిన్న గుంపుకు చెప్పుకోదగ్గ తేడా నా కంటికి కనిపించలేదు. ఫోటోలను పక్కపక్కన పెట్టి ఏది ఏ గుంపుదో చెప్పమంటే చెప్పలేను.

పట్టకాల సంగతి ఇక్కడ చెప్పాలి. హెస్ తన పిల్లలకు దృశ్యాన్ని 7 డిగ్రీలు పక్కకు జరిపే పట్టకాల టోపీలు తొడిగాడు. మూడు నాలుగు రోజులకు వాటి పోట్లు కూడా చక్కగా ఒకచోట చేరాయి. కానీ మేకు మీద కాదు, మేకు పక్కన. గురి బిగిసింది, తప్పు మాత్రం దిద్దుకోలేదు. అంటే పోట్లు ఒకచోట చేరడం తప్పుల నుంచి నేర్చుకున్న పాఠం కాదు. కాళ్లు, మెడ, వాటిని నడిపే నాడులు ముదరడం. దాణా పక్కన ఉత్త నేలను పొడుచుకునే పిల్లను చూసే ధైర్యం నాకు లేదు, అందుకే గోడ మీద ఆ నిషేధం. అయితే సాధన పూర్తిగా దండగ అని కూడా కాదు. వెండెల్ క్రూజ్ 1935లో పిల్లలను చీకటిలో వేరువేరు రోజుల పాటు ఉంచి చూశాడు. సాధన లేకుండానే వయసుతో పాటు గురి మెరుగైంది, బయటికి వచ్చాక కొద్ది సాధనతో ఇంకా వేగంగా మెరుగైంది. ముదిరిన మెదడుకు సాధన త్వరగా ఒంటబడుతుంది.

మధ్యాహ్నం, బంతిని ఎన్నడూ చూడకుండా తోబుట్టువులతో పెరిగిన పిల్లలను ఒక్కొక్కటిగా నడవాలో దించాను. దృశ్యం పూర్తిగా మారింది. బంతి కదలగానే పిల్ల బిగుసుకుపోయింది, తర్వాత వెనక గోడకు అంటుకుపోయి గొంతు చించుకుని అరిచింది. తిరిగి గుంపులో వేసేసరికి ఒక్క క్షణంలో సద్దుమణిగింది. స్పాల్డింగ్ కూడా దాదాపు నాలుగు రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచిన పిల్లల గురించి రాశాడు. గంతలు విప్పగానే అవి అతన్ని చూసి హడలిపోయి పారిపోయాయి.

తలుపు మూసుకుందని ఇక్కడితో రాసేయడం సులువు. మూసింది ఎవరన్నదే అసలు ప్రశ్న. వయసు ఒక్కటే అయితే, ఒంటరిగా పెరిగిన పిల్లలకూ అదే వేళకు మూసుకోవాలి. అలా జరగదని తెలుసు. చూడదగ్గది ఏదీ లేకుండా విడిగా ఉంచిన పిల్లలు ఇంకా కొన్నాళ్ల తర్వాత కూడా కొత్త వస్తువుకు అలవాటు పడగలవు. నా పిల్లలు బంతిని చూసి బెదిరింది వాటికి అప్పటికే తల్లులున్నాయి కాబట్టి. ఆ తల్లులు అవి ఒకదానికొకటే. తెలిసిన ముఖం ఒకటి మెదడులో స్థిరపడ్డాక తెలియనిదంతా ప్రమాదం అవుతుంది. ఒక పాఠం పూర్తికావడమే రెండో పాఠానికి అడ్డు. జీబ్రా ఫించ్ అనే చిన్న పాటల పక్షిలోనూ ఇదే తీరు. మగపిల్ల సుమారు 25 నుంచి 65 రోజుల వయసులో పెద్ద పక్షి పాటను వంటబట్టించుకుంటుంది. వినడానికి గురువు దొరకకపోతే ఆ గడువు ఇంకా సాగుతుంది. 2012 నాటి ప్రయోగంలో గడువు దాటిన కోడిపిల్లలకు థైరాయిడ్ హార్మోన్ ఎక్కిస్తే అవి మళ్లీ నేర్చుకున్నాయి. కాబట్టి దాన్ని మూసిన తలుపు అనడం కన్నా, గడియ పెట్టిన తలుపు అనడమే నిజానికి దగ్గర.

నా పిల్లలను విడివిడిగా ఉంచి ఈ తేడా స్వయంగా తేల్చవచ్చు. తేల్చను. గోడ మీద కాగితం ఉంది.

ఎలుక పిల్లల సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది, ఎందుకంటే అక్కడ ఇదే కథకు మరో ముఖం ఉంది. పుట్టిన తొలి తొమ్మిది పది రోజుల్లో ఒక వాసనతో పాటు చిన్న షాక్ ఇస్తే ఎలుక పిల్ల ఆ వాసన నుంచి పారిపోవడం నేర్చుకోదు, ఆ వాసన వైపే జరగడం నేర్చుకుంటుంది. రెజీనా సలివన్ బృందం దీని వెనకనున్న ఏర్పాటును విప్పింది. అప్పటికి భయపు పాఠాలు చెప్పే అమిగ్డాలా ఈ పనిలోకి దిగదు, ఒత్తిడి హార్మోన్ తక్కువగా ఉంటుంది, వాసనకు అంటిపెట్టుకునేలా చేసే ఏర్పాటు మాత్రం పూర్తి జోరులో ఉంటుంది. గూడు దాటలేని పిల్లకు తల్లి వాసన నుంచి పారిపోవడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. కొన్నాళ్లకు నడక వస్తుంది, అదే వేళకు భయమూ వస్తుంది. కోడిపిల్లకు నడక మొదటి రోజే ఉంది, భయం నాలుగో రోజుకు వచ్చేసింది.

రెండో వారం: గులకరాళ్లు

తొలి రెండు మూడు రోజులు పిల్లలు గింజనూ ఇసుకనూ ఒకే ఉత్సాహంతో పొడుస్తాయి. ఆకలికి పొడవడానికి అప్పటికి సంబంధం కుదరదు. తమ కాలి వేళ్లను, నా చొక్కా గుండీని, పక్కపిల్ల కంటిని కూడా వదలవు. మూడో రోజు ప్రాంతంలో మింగినదానికి కడుపు నిండడానికి లంకె పడుతుంది. అందుకే రాళ్ల పరీక్షకు రెండో వారం దాకా ఆగాను.

పలక మీద దాణా గింజల రంగూ పరిమాణమూ ఉన్న గులకరాళ్లను జిగురుతో అంటించి, వాటి మధ్య గింజలు చల్లాను. పిల్లకు ఒక కంటి మీద మెత్తటి అంటుపట్టీతో కాగితపు గొట్టం ముక్క. కొన్ని నిమిషాలు గీరుకుని తర్వాత మరచిపోతాయి. రోజర్స్ లెక్కించే పద్ధతే పాటించాను: 60 పోట్లు, మొదటి 20లో ఎన్ని రాళ్లకు తగిలాయి, చివరి 20లో ఎన్ని.

వీడియోలు చూసి లెక్కపెట్టే పని మా మేనకోడలిది. ఏ పిల్ల ఏ యంత్రంలోదో తనకు చెప్పలేదు. నాకు ఆశలున్నాయి, ఆశ ఉన్నవాడి కన్ను అనుమానపు పోటును తనకు కావలసిన వైపు వేస్తుంది. తనకు ఏ ఆశా లేదు, ఒళ్లో ఒక పిల్ల ఉంటే చాలు.

"మామయ్యా, ఈ పిల్ల ఒకే రాయిని పొడుస్తోంది. ప్రతిసారీ కొత్తదన్నట్టే పొడుస్తోంది."

"ఏ కంటికి పట్టీ ఉంది?"

"కుడి కంటికి. అది నాకు చెప్పొచ్చా, చెప్పకూడదా?"

పట్టీ వీడియోలో కనిపిస్తుంది, కాబట్టి చెప్పొచ్చు. దాచింది యంత్రం పేరే. చీటీలు విప్పాక చూస్తే ఆ పిల్ల వెలుగు గుంపుది. ఆ గుంపులో కుడి కన్ను తెరిచి ఉన్నవి మొదట్లో రాళ్లను బాగానే పొడిచినా చివరికి వచ్చేసరికి గింజల వెంటే వెళ్లాయి. ఎడమ కన్ను మాత్రమే తెరిచి ఉన్నవి చివరిదాకా రాళ్లను వదల్లేదు. చీకటి గుంపు చిందరవందర. రెండు కళ్ల మధ్య నిలకడైన తేడా లేదు, ఒక్కో పిల్లది ఒక్కో తీరు. ఇంత తక్కువ పిల్లలతో వెలుగే దీనికి కారణమని నేను ఎవరి ముందూ వాదించను. రోజర్స్ చూపిన దిక్కుకు ఎదురు తిరగలేదు, అంతవరకు సరే.

కుడి ఎడమల తేడా అంతా వెలుగు పుణ్యమే అనుకోకూడదు. ఐఎంఎం ఎడమ భాగానికి ఉన్న ప్రత్యేకత లాంటివి వేరే లెక్క. కానీ ఒక కన్ను గింజల మీద, ఒక కన్ను ఆకాశం మీద పెట్టే పని విభజనకు ఈ వెలుగు అవసరం. రోజర్స్, పావొలో జుక్కా, జార్జో వల్లోర్తిగారా 2004లో దాన్నే పరీక్షించారు. పిల్ల గింజలు ఏరుకుంటుండగా పైన డేగ ఆకారం కదిలించారు. వెలుగులో పొదిగినవి రెండు పనులూ నెట్టుకొచ్చాయి. చీకటిలో పొదిగినవి డేగనూ ఆలస్యంగా గమనించాయి, గింజల పనిలోనూ గందరగోళపడ్డాయి. డేగ ముక్కను అట్టతో కత్తిరించి ఉంచాను గానీ ఈ విడతలో వాడలేదు. ఒకసారి కళ్లకు పట్టీలు మోసిన పిల్లల మీదే మళ్లీ డేగను ఎగరేస్తే ఏ భయం దేనిదో తెలియదు.

ప్రస్తుతం

పిల్లలకు రెక్కల ఈకలు వచ్చాయి, బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె) అంచు మీదికి ఎగురుతున్నాయి. ఈ వారమే కోళ్లు పెంచే పరిచయస్తుల దొడ్డికి వెళ్తాయి. ఎర్ర బంతి మీద మోజు గుంపులో కలిశాక చాలావరకు తగ్గింది, కానీ మోటారు శబ్దం వినిపిస్తే రెండు మూడు పిల్లలు ఇప్పటికీ తల ఎత్తుతాయి. కళ్లతో నేర్చుకున్నాయని నేననుకున్నదాంట్లో చెవి వాటా కూడా ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది. తర్వాతి విడతలో బంతిని మోటారు లేకుండా దారంతో నేనే కదిలిస్తాను. దీపాన్ని చివరి రోజుల్లో ఒక్క పూటకే పరిమితం చేసి, ఆ కొద్ది వెలుగు సరిపోతుందో లేదో చూస్తాను. ఈసారి గుడ్లకు చీటీలు తనే వేస్తుందట, వీడియోలు నేను లెక్కపెట్టాలట. మేనకోడలి షరతు. ఒప్పుకున్నాను.